కాలి వేలు తీసేయాలన్నారా? ముందు ఈ ప్రశ్న అడగండి

ఈ వీడియో చూసేవాళ్లలో కుర్రవాళ్లే ఎక్కువ. ఈరోజు చెప్పే జబ్బు మీకు కాదు, మీ నాన్నగారికో తాతగారికో ఉండొచ్చు. అందుకే చివరిదాకా వినండి.

నా దగ్గరికి వచ్చేవాళ్లు తరచూ చెప్పే మాట ఇది: "డాక్టర్ గారూ, కొంచెం దూరం నడిస్తే పిక్క పట్టేస్తోంది, ఆగితే తగ్గుతోంది." ఇంట్లో అందరూ వయసు అనుకుంటారు. నిజానికి కాలి ధమనిలో కొవ్వు, కాల్షియం పేరుకుని దారి ఇరుకైపోతుంది. సిగరెట్, షుగర్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. షుగర్‌తో స్పర్శ పోయినవాళ్లకి నొప్పి కూడా తెలియదు, నేరుగా మానని పుండుతోనే వస్తారు.

అప్పుడు వేలు తీసేయాలి అంటే, మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "కాలికి రక్తం అందుతోందా?" చీలమండ బీపీని చేతి బీపీతో పోల్చి చూస్తాం. ఆ నిష్పత్తి 0.9 లేదా అంతకన్నా తక్కువ ఉంటే బ్లాక్ ఉందని అర్థం. షుగర్ వాళ్లలో ఇది ఒక్కోసారి మోసం చేస్తుంది, కాబట్టి డాప్లర్ కూడా చేయిస్తాం.

బ్లాక్ ఉంటే ఏం చేస్తాం? నడకలో నొప్పి మాత్రమే ఉంటే ముందు మందులు, రోజూ నడక, సిగరెట్ బంద్. పుండు ఉంటే ఆలస్యం చేయకూడదు. చాలామందికి గజ్జ దగ్గర మాత్రమే మత్తిచ్చి, సూది రంధ్రం గుండా సన్నని వైరు పంపిస్తాం. దాని మీదుగా బెలూన్ తీసుకెళ్లి బ్లాక్ దగ్గర ఉబ్బిస్తాం. అవసరమైతే స్టెంట్ పెడతాం. గట్టి కాల్షియం ఉంటే దాన్ని చెక్కే పరికరాలూ ఉన్నాయి.

ఇదేం కొత్త ప్రయోగం కాదండి. 1964లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో, కాలు తీయించుకోనన్న 82 ఏళ్ల పెద్దావిడకి చార్లెస్ డాటర్ ఇలాగే దారి తెరిచారు. ఆవిడ కాలు నిలిచింది.

అందరికీ ఇది కుదరదు. పొడవాటి బ్లాక్‌కి బైపాస్ కావాల్సి రావచ్చు. చచ్చిపోయిన భాగం తీయక తప్పదు, కానీ ముందు రక్తం అందిస్తే తక్కువ తీస్తే సరిపోవచ్చు. తెరిచిన దారి మళ్లీ మూసుకోవచ్చు కూడా, అందుకే మందులు ఆపొద్దు.

కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, మొద్దుబారితే మాత్రం రేపటిదాకా ఆగొద్దు. గంటల్లో కాలు పోతుంది.

ఈ రాత్రి ఫోన్ టార్చ్ వేసి నాన్నగారి పాదాలు, వేళ్ల సందులు చూడండి. దూరంగా ఉంటే వీడియో కాల్‌లో చూపించమనండి. ఉంటానండి.