ఆపరేషన్‌కు ముందే స్నేహితులకు చెప్పండి

గుండె ఆపరేషన్ అంటే బంధువులు, ఇరుగుపొరుగు, ఆఫీసువాళ్ళు వరసగా వచ్చి పలకరిస్తారు. మోకాలి చిప్ప మార్పించుకున్నవారు పెళ్ళిళ్ళలో నలుగురి మధ్యా కూర్చుని ఆ ముచ్చట చెబుతారు. పెద్దపేగు మొత్తం తీసేయాలని డాక్టరు తేల్చిన రోజున మాత్రం ఆ మాట ఇంటి గడప దాటదు. కారణం తెలిసిందే. రోజుకు పదిసార్లు విరేచనం, అందులో నెత్తురు, జిగురు, బస్సెక్కే ముందు మరుగుదొడ్డి ఎక్కడుందో వెతుక్కోవలసిన అవస్థ. ఇవి నోరు తెరిచి చెప్పుకునే బాధలు కావనుకుని, ఏళ్ళ తరబడి ‘కడుపు బాగాలేదు’ అన్న రెండు ముక్కలతో నెట్టుకొస్తారు. ఆ అలవాటుతోనే ఆపరేషన్ థియేటర్ దాకా వెళ్ళిపోతారు. ఈ అలవాటు మానుకోవాలి. దీర్ఘకాలిక పేగు జబ్బుకు పెద్ద ఆపరేషన్ చేయించుకోబోయేవారు ముందే ఇద్దరు ముగ్గురు స్నేహితులకు విషయం విప్పి చెప్పాలి, ఎవరు ఏ సాయం చేయగలరో అడిగి పెట్టుకోవాలి. రక్తపరీక్షలు, స్కానింగులు ఎంత అవసరమో ఇదీ అంత అవసరమని నా వాదన.

ఈ జబ్బుల్లో ప్రధానమైనవి రెండు. అల్సరేటివ్ కొలైటిస్‌లో పెద్దపేగు లోపలి పొర పూసి పుండ్లు పడుతుంది. మలద్వారం దగ్గర మొదలై పైకి పాకుతుంది. క్రోన్స్ వ్యాధి నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. అది పేగు గోడను లోపలి నుంచి బయటి దాకా పట్టుకుంటుంది కాబట్టి పేగు ఇరుకైపోవడం, చీము గడ్డలు, ఫిస్టులాలు (పేగు నుంచి పక్క అవయవాలకో చర్మానికో పడే అసహజ దారులు) దీనిలో ఎక్కువ. న్యూయార్క్‌లోని మౌంట్ సినాయ్ ఆసుపత్రి డాక్టర్లు బరిల్ క్రోన్, లియోన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఓపెన్‌హైమర్ 1932లో దీన్ని వర్ణించారు. రెండింటిలోనూ ఒంటి రక్షణ వ్యవస్థ అదుపు తప్పి సొంత పేగు మీదే దాడి చేస్తుంది. ఇది తెల్లవాళ్ళ జబ్బు, మనకు రాదు అని ఒకప్పుడు అనుకునేవారు. లూధియానా వైద్యులు పంజాబ్‌లో ఇంటింటికీ తిరిగి చేసిన సర్వే 2003లో అచ్చయింది. లక్ష మందిలో 44 మందికి కొలైటిస్ ఉన్నట్టు అందులో తేలింది. తెలంగాణ పల్లెల్లో హైదరాబాద్ డాక్టర్లు చేసిన పరిశీలన కూడా ఇది పట్నాలకే పరిమితమైన జబ్బు కాదని చూపించింది. మన దగ్గర ఇంకో చిక్కుంది. క్రోన్స్ లక్షణాలు పేగు క్షయ లక్షణాల్లాగే ఉండడం వల్ల చాలామంది ముందు నెలల తరబడి టీబీ మందులు వాడతారు. అసలు జబ్బు పేరు తెలిసేసరికే మనిషి సగం అలసిపోయి ఉంటాడు. పైగా ఇది ఎక్కువగా బయటపడేది పదిహేను నుంచి ముప్పై అయిదేళ్ళ లోపు. అంటే చదువు, ఉద్యోగం, పెళ్ళి అన్నీ ఒక్కసారే మీదపడే వయసు. హాస్టల్లోనో అద్దె గదిలోనో అమ్మానాన్నల కన్నా స్నేహితులే దగ్గరగా ఉండే వయసు.

మందులతో అదుపులో ఉండేవారే ఎక్కువ. 1950లలో స్టెరాయిడ్లు, 1998 నుంచి ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి ఇంజెక్షన్లు ఎందరినో కాపాడాయి. అయినా నెత్తురు ఆగనప్పుడు, పేగు ఉబ్బి పగిలే స్థితికి వచ్చినప్పుడు, క్యాన్సర్ ఛాయలు కనిపించినప్పుడు, పేగు ఇరుకై తిండి దిగనప్పుడు కోత తప్పదు. కొలైటిస్‌కు చేసే పెద్ద ఆపరేషన్‌లో పెద్దపేగునూ పురీషనాళాన్నీ తీసేసి, చిన్నపేగు చివరి భాగాన్ని మడిచి కుట్టి లోపలే ఒక సంచి తయారుచేస్తారు. లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రి సర్జన్లు అలెన్ పార్క్స్, జాన్ నికోల్స్ 1978లో ఈ పద్ధతిని ప్రకటించారు. ఇది సాధారణంగా ఒక్క కోతతో ముగియదు. రెండు మూడు విడతల్లో, నెలల వ్యవధిలో జరుగుతుంది. మధ్యకాలంలో మలం పొట్ట మీద చేసిన రంధ్రం గుండా బయటి సంచిలోకి వస్తుంది. క్రోన్స్‌లో పాడైన ముక్కను కోసి మిగతా పేగును కలుపుతారు, జబ్బు మళ్ళీ తలెత్తవచ్చు. ఆపరేషన్ దాకా వెళ్ళడమంటే ఓడిపోయినట్టే అన్న భావం రోగుల్లో గట్టిగా ఉంది. అది సరికాదు. చిన్నపేగు చివర మాత్రమే క్రోన్స్ ఉన్నవారిలో ఆపరేషన్‌ను ఇన్‌ఫ్లిక్సిమాబ్‌తో పోల్చిన పరిశోధన ఫలితాలు 2017లో నెదర్లాండ్స్ నుంచి వచ్చాయి. ఏడాది తర్వాత రెండు వర్గాల జీవన నాణ్యత దాదాపు సమానంగానే ఉంది. అసలు ప్రమాదం ఆలస్యంలో ఉంది. ముందుగా అనుకుని, రక్తం పట్టించి, పోషణ సరిచేసి, స్టెరాయిడ్ మోతాదు తగ్గించి చేసే ఆపరేషన్ కన్నా అర్ధరాత్రి ఎమర్జెన్సీలో చేసేది చాలా ఎక్కువ అపాయకరం. జబ్బును ఎవరికీ చెప్పని మనిషికి ‘నువ్వు చిక్కిపోతున్నావు, ఇంక ఆగొద్దు’ అని చెప్పేవారు ఉండరు. రహస్యం వల్ల జరిగే మొదటి నష్టం అదే.

దీన్ని కాస్త దగ్గరగా చూడాలంటే ఇద్దరు ఆటగాళ్ళ సంగతి చెప్పుకోవాలి. అప్పటి మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాలర్, స్కాట్లాండ్ జట్టు నాయకుడు డారెన్ ఫ్లెచర్ తన కొలైటిస్‌ను చాలాకాలం దాచిపెట్టాడు. ఆటకు దూరమైతే ఏదో వైరస్ అని బయట చెప్పుకున్నారు. 2011 డిసెంబరులో క్లబ్బు అసలు సంగతి ప్రకటించింది, 2013 జనవరిలో ఆపరేషన్ జరిగింది, ఆ ఏడాది చివరికి అతను మళ్ళీ మైదానంలో ఉన్నాడు. దాచడం కూడా జబ్బు మోసినంత బరువేనని ఆ కాలం చూస్తే అర్థమవుతుంది. అంతకు చాలా ముందు, 1979లో, అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే రోల్ఫ్ బెనిర్ష్కేకి ఇలాంటి పేగు జబ్బు వల్లే రోజుల తేడాలో రెండుసార్లు పొట్ట కోయాల్సి వచ్చింది. పాతిక కిలోలకు పైగా తగ్గిపోయాడు. అదే నవంబరులో శాన్ డియాగో జట్టు అతన్ని గౌరవ నాయకుడిగా టాస్‌కు పిలిచింది. సహ ఆటగాడు లూయీ కెల్చర్, కొండలాంటి మనిషి, అతని చెయ్యి పట్టుకుని వేలమంది చూస్తుండగా మైదానం మధ్య దాకా నడిపించాడు. మరుసటి ఏడాది బెనిర్ష్కే పొట్టకు సంచులతోనే ఆటలోకి దిగి 1986 దాకా ఆడాడు. కెల్చర్ చేసింది వైద్యం కాదు. కానీ నీరసించిన మనిషిని నలుగురి ముందూ తనవాడిగా నిలబెట్టాడు; సిగ్గుతో ముడిపడిన జబ్బులో దానికి చాలా విలువ ఉంది.

ఇద్దరి కథలు రుజువు కావని ఎవరైనా అనవచ్చు, అది నిజమే. పరిశోధనలు ఏం చెబుతున్నాయో చూద్దాం. కాలిఫోర్నియాకు చెందిన జేమ్స్ కులిక్, హైకె మాలర్ గుండె బైపాస్ రోగులను గమనించి 1987లో ఒక విషయం ప్రకటించారు. అప్పటికే ఆపరేషన్ అయిపోయిన మనిషితో ఒకే గదిలో ఉన్నవారికి ఆందోళన తక్కువగా ఉంది, ఆపరేషన్ తర్వాత వాళ్ళు ఎక్కువగా నడిచారు, త్వరగా ఇంటికి వెళ్ళారు. భార్య తరచుగా వచ్చి చూసిన మగ రోగులు నొప్పి మందులు తక్కువ వాడారని 1989లో వాళ్ళే చూపించారు. 1995లో ఒహాయోలో జేనిస్ కీకోల్ట్-గ్లేజర్ బృందం మరొకటి తేల్చింది: మతిమరుపు జబ్బున్న ఆత్మీయులను సాకుతూ ఒత్తిడిలో ఉన్న స్త్రీలకు చర్మం మీద చేసిన చిన్న గాయం మానడానికి మిగతావారి కన్నా సుమారు తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది. 2010లో జూలియన్ హోల్ట్-లున్‌స్టాడ్ బృందం 148 అధ్యయనాల్లోని మూడు లక్షల మందికి పైగా సమాచారాన్ని కలిపి చూస్తే, గట్టి మానవ సంబంధాలున్నవారు బతికి ఉండే అవకాశం మిగతావారి కన్నా 50 శాతం ఎక్కువగా కనిపించింది. వీటిలో ఏదీ పేగు ఆపరేషన్ గురించి కాదు. ఆరోగ్యంగా ఉన్నవారికే స్నేహితులు ఎక్కువ ఉంటారేమో అన్న అనుమానమూ సబబైనదే. అందుకే స్నేహం పేగు పూతను మాన్పుతుందని నేను అనడం లేదు. మనసులోని బెంగ వల్ల ఈ జబ్బు వచ్చిందనడం అంతకన్నా పెద్ద తప్పు. నేను చెప్పేది చిన్న మాట: కోలుకోవడంలో రోగి స్వయంగా చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి, వాటిని పక్కన మనిషి ఉంటే చేస్తాడు. కోపెన్‌హాగన్ సర్జన్ హెన్రిక్ కెలెట్ 1990లలో రూపొందించిన పద్ధతి ప్రకారం ఇప్పుడు పేగు ఆపరేషన్ అయినవారిని వీలైతే మర్నాడే మంచం దించి నడిపిస్తారు. ఈ రోగుల కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలు వారికన్నా ఎక్కువ కాబట్టి ఆ నడక అత్యవసరం. కుట్లు లాగుతుంటే, ముక్కులో ట్యూబు, చేతికి సెలైన్ ఉంటే ఒంటరిగా ఎవరు నడుస్తారు?

‘ఇంట్లోవాళ్ళు ఉండగా స్నేహితులెందుకు?’ అన్నది మన సమాజంలో సహజంగా వచ్చే ప్రశ్న. ఇంటివాళ్ళ స్థానం ఎవరూ తీసుకోలేరు. కానీ అమ్మ ముందు భయపడకూడదని కొడుకు, కొడుకు ముందు ఏడవకూడదని అమ్మ, ఇద్దరూ ధైర్యం నటిస్తారు. ‘సంచి పెడితే నన్ను ఎవరు దగ్గరికి రానిస్తారు?’ అన్న ప్రశ్న ఇంట్లో అడగలేరు, స్నేహితుడి దగ్గర అడగగలరు. పైగా ఇంట్లోవాళ్ళే అలసిపోతారు. నెలల తరబడి సాగే చికిత్సలో ఒకరే రాత్రిళ్ళు వార్డులో కూర్చుని, పగలు మందుల దుకాణం చుట్టూ, ఆరోగ్యశ్రీ కౌంటర్ చుట్టూ తిరిగితే రెండో విడతకు ఆ మనిషే పడిపోతారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు పిల్లలకైతే తల్లిదండ్రులు వీసా తెచ్చుకుని వచ్చేలోపు ఆపరేషనే అయిపోవచ్చు.

దీనికన్నా బలమైన అభ్యంతరం పెళ్ళి గురించి. పదిమందికి తెలిస్తే సంబంధాలు రావన్న భయం, ముఖ్యంగా ఆడపిల్లల తల్లిదండ్రుల్లో, ఉత్తుత్తి భయమేమీ కాదు. అందుకే ఊరందరికీ చాటమని అనడం లేదు. నోరు జారని ఇద్దరు చాలు. పెళ్ళాడబోయే మనిషికి మాత్రం ముందే చెప్పడం న్యాయం. ఎలాగూ దాగే విషయం కాదు. సంచితో ఉన్నవారు పెళ్ళి చేసుకుంటున్నారు, పిల్లల్ని కంటున్నారు. లోపలి సంచి ఆపరేషన్ వల్ల స్త్రీలలో గర్భం దాల్చడం కొంత కష్టం కావచ్చు, ఆ సంగతి కోతకు ముందే సర్జన్‌ను అడగాలి. ఈ ప్రశ్న అడగడానికి నోరు రాని అమ్మాయికి పక్కన ఒక స్నేహితురాలు కూర్చుని ఉంటే అడిగే ధైర్యం వస్తుంది.

స్నేహితుల వల్ల చెడూ జరగవచ్చు, ఇది ఒప్పుకోవాలి. పరామర్శకు వచ్చి ‘మా బావమరిదికి ఇలాగే చేసి...’ అని మొదలుపెట్టేవారుంటారు. ఫలానా ఊళ్ళో మందు పోస్తారని చెప్పి, ఇంగ్లీషు మందులు ఆపేయమంటారు. చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చని వాళ్ళకు తెలియదు. గుంపుగా వార్డులోకి వచ్చి ఇన్‌ఫెక్షన్లు మోసుకొస్తారు. ఇందుకే పని విభజన ముందే జరగాలి. ఒకరు డాక్టరు చెప్పింది రాసుకోవాలి; ఆందోళనలో ఉన్న రోగి చెవికి సగమే ఎక్కుతుంది. ఒకరు రక్తదాతలను సిద్ధం చేయాలి. మన ఆసుపత్రుల్లో చాలాచోట్ల రక్తం ఇస్తే బదులు దాతను తెమ్మంటారు, ఆ పరుగు రోగి అన్నదమ్ములకు వదిలేయకూడదు. ఇంకొకరు బంధువుల ఫోన్లకు జవాబు చెప్పాలి. సలహాలు ఇవ్వడం ఎవరి పనీ కాదని మొదటే తేల్చేయాలి.

అన్నిటికన్నా మనిషిని భయపెట్టేది పొట్ట మీది సంచి. దాని చరిత్ర చదివితే ఆ భయం కొంత తగ్గుతుంది. 1954లో డెన్మార్క్‌లో ఎలీస్ సోరెన్‌సెన్ అనే నర్సు, ఆపరేషన్ తర్వాత లీకవుతుందని బయటికి వెళ్ళడమే మానేసిన తన చెల్లెలు థోరా కోసం ఒంటికి అతుక్కునే సంచిని ఆలోచించింది. ఈనాటి సంచులన్నీ ఆ ఆలోచన నుంచి వచ్చినవే. అమెరికాలో నార్మా గిల్ అనే గృహిణి తన కొలైటిస్‌కు క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో సర్జన్ రూపర్ట్ టర్న్‌బుల్ చేత ఆపరేషన్ చేయించుకుని, తర్వాత అక్కడే ఇతర రోగులకు సంచి వాడకం నేర్పడానికి చేరింది. స్టోమా (పొట్ట మీది రంధ్రం) నర్సు అనే వృత్తి అలా మొదలైంది. ఒక రోగి మరో రోగికి చేసిన సాయమే వైద్యంలో భాగమైపోయింది. స్నేహితులు లేరనుకునేవారికి దారి ఇక్కడే ఉంది: సంచితో ఏళ్ళుగా బతుకుతున్న ఒక మనిషిని కలిపించమని సర్జన్‌ను అడగవచ్చు. రంధ్రం ఎక్కడ చేయాలో ముందే నిలబెట్టి, కూర్చోబెట్టి, వంగమని చూసి గుర్తు పెట్టించుకోవడమూ అవసరం. చీర కుచ్చిళ్ళు, ప్యాంటు బెల్టు ఎక్కడ పడతాయో చూడకపోతే తర్వాత రోజూ ఇబ్బందే. సంచి మూడోవంతు నిండగానే ఖాళీ చేయాలి. చిన్నపేగు నుంచి వచ్చేది పలచగా ఉంటుంది కాబట్టి ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గిపోతాయి. ఎండాకాలంలో మామూలు నీళ్ళు మాత్రమే సరిపోవు, ఓఆర్‌ఎస్ దగ్గర ఉండాలి. ఇవన్నీ రోగితోపాటు ఇంకొకరు నేర్చుకుని ఉంటే, లీకైన మొదటి రాత్రి అంత భయపెట్టదు.

సర్జన్లకు ఒక విన్నపం. ఆపరేషన్ తేదీ ఇచ్చేటప్పుడు ‘మీకు తోడెవరు?’ అని అడిగి, ఇంటివాళ్ళ పేర్లతోపాటు ఒక స్నేహితుడి పేరు కూడా రాసుకోండి. స్నేహితులకు ఇంకొకటి. మొదటి వారం ఆసుపత్రికి అందరూ వస్తారు. ఇంటికి వచ్చిన మూడో వారం నాటికి పలకరింపులు ఆగిపోతాయి. బరువులు ఎత్తకూడదు, ఉద్యోగానికి వెళ్ళలేరు, సంచి ఇంకా అలవాటు కాదు. మీరు వెళ్ళాల్సింది అప్పుడు.