ఎత్తైన ఇండ్లు – వాడ స్వరూపము

జుక్కల్‌లో ఉన్నత పాఠశాల చదువు ముగించి, పై చదువునకై హైదరాబాదు చేరిన విద్యార్థికి మొదట వింతగా తోచునది అచటి ఇండ్ల ఎత్తు. మన ఊరిలో అరుగుమీద కూర్చున్నవారు వీధిలో పోవువారిని పేరుపెట్టి పలుకరింతురు. నగరములో పదునైదవ అంతస్తునందున్న వానికి వీధిలోని మనుష్యుల ముఖములే తెలియవు. “ఈ ఎత్తైన ఇండ్లు వచ్చి మా వాడ స్వరూపమే మారిపోయినది” అని పాత కాపురస్థులు విచారింతురు. “జనము పెరిగినప్పుడు పైకి కట్టక ఎక్కడ కట్టుదుము?” అని కట్టించువారు ప్రశ్నింతురు. ఇరువురి మాటలలోను నిజము కలదు. అయితే వాడ స్వరూపమనునది అభిమానమునకు మాత్రమే సంబంధించినదా? లేక కొలిచి చూడదగిన విషయమా? ఈ వ్యాసములో దీనినే పరిశీలింతము.

తోట ఇండ్లనుండి అంతస్తులకు

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమునకు ఘోరమైన నష్టము కలిగించెను. ఆ తరువాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు బస్తీలను తొలగించి వెడల్పైన రోడ్లు వేయించెను. పత్తర్‌గట్టిలో నేటికిని కనబడు రాతి కమానుల అంగళ్ళ వరుస ఆనాటిదే. వీధి వెడల్పును, దాని ప్రక్క కట్టడమును కలిపి ఆలోచించిన పద్ధతికి అది మంచి నిదర్శనము.

హిమాయత్‌నగర్, నారాయణగూడ, బర్కత్‌పుర, దోమల్‌గూడ వంటి వాడలలో ఒకప్పుడు ఆవరణయు, వరండాయు, చెట్లును గల ఇండ్లు విరివిగా నుండెడివి. 1980 తరువాత అవి ఒక్కొక్కటిగా అపార్టుమెంట్లుగా మారసాగెను. అట్టి కట్టడములకును, వాటి యాజమాన్యమునకును సంబంధించి 1987లో ప్రత్యేకముగా ఒక చట్టము వచ్చెను. 2006 నాటి నియమములు మరియొక పెద్ద మార్పు తెచ్చెను. స్థలముయొక్క వైశాల్యమునకు ఇన్ని రెట్లు మాత్రమే అంతస్తుల వైశాల్యము ఉండవలెనను కట్టుబాటు అప్పుడు తొలగెను. రోడ్డు వెడల్పు, చుట్టును వదలవలసిన ఖాళీస్థలము అనునవే ఎత్తును నిర్ణయించు ఆధారములయ్యెను. 2012 నాటి నియమములును ఈ మార్గమునే అనుసరించినవి. నగరమునకు పడమట కోకాపేట, నానక్‌రామ్‌గూడల వైపున నేడు ఏబది అంతస్తులు మించిన నివాసములు లేచుచున్నవి.

ఎత్తు వేరు, సాంద్రత వేరు

ఎత్తు పెరిగినచో జనసాంద్రతయు తప్పక పెరుగునని చాలమంది తలంతురు. ఒక చిన్న లెక్క చేసి చూడుడు. 10,000 చదరపు మీటర్ల స్థలములో 20,000 చదరపు మీటర్ల నివాసము కట్టవలెననుకొందము. సగము స్థలములో కట్టినచో నాలుగు అంతస్తులు చాలును. పదవవంతు స్థలములోనే కట్టినచో ఇరువది అంతస్తులు కావలెను. రెంటిలోను కాపురముండువారు సమానమే. రెండవదానిలో 9,000 చదరపు మీటర్ల నేల మిగులును. అది చెట్లకును, పిల్లల ఆటలకును దక్కినచో ఎత్తు మేలే చేసినది. అంతయు సిమెంటు పరచి బండ్లు నిలుపుటకే వాడినచో ఎత్తువలన వాడకు కలిగిన లాభము స్వల్పము. కావున “ఎన్ని అంతస్తులు?” అని అడిగినంత మాత్రమున చాలదు, “మిగిలిన నేల ఏమయ్యెను?” అనియు అడుగవలెను.

నీడ చెప్పు లెక్క

హైదరాబాదు సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశముమీద కలదు. డిసెంబరు 21 ప్రాంతమున సూర్యుడు భూమధ్యరేఖకు 23.4 డిగ్రీలు దక్షిణముగా నుండును. ఈ రెండు అంకెలను 90 నుండి తీసివేయగా మిగులు 49.2 డిగ్రీలే ఆనాడు నడిమధ్యాహ్నమున సూర్యుని ఎత్తు. అప్పుడు ఒక మీటరు కఱ్ఱకు సుమారు 86 సెంటీమీటర్ల నీడ ఉత్తరమునకు పడును. 15 మీటర్ల ఇంటి నీడ 13 మీటర్లు. 55 మీటర్ల కట్టడపు నీడ 47 మీటర్లకు మించును.

2012 నియమముల ప్రకారము 55 మీటర్ల కట్టడమునకు చుట్టును 16 మీటర్ల ఖాళీ వదలవలెను. ఎదుట 30 మీటర్ల రోడ్డుండవలెను. ఆ రోడ్డు కట్టడమునకు ఉత్తరమున ఉన్నచో నీడ చాలవరకు సొంత ఆవరణలోను, రోడ్డుమీదను పడి ఆగిపోవును. రోడ్డు దక్షిణమున ఉండి, ఉత్తరమున పాత ఇండ్లున్నచో 30 మీటర్లకు పైగా నీడ పొరుగువారి పెరళ్ళమీద పడును. కట్టడము ఒక్కటే, నియమము ఒక్కటే. పొరుగువారి అదృష్టము మాత్రము వేరు. నియమము మీటర్లను చూచును గాని దిక్కును చూడదు.

ఎండ దేశములో నీడ మంచిదే కదా యని సందేహము కలుగవచ్చును. మే నెల రెండవ వారములో హైదరాబాదున సూర్యుడు మధ్యాహ్నము నడినెత్తికి వచ్చును. నీడ కావలసిన ఆ వేళ కట్టడపు నీడ దాని పాదముల చెంతనే యుండును. ఎండ హాయిగొలుపు చలికాలములో అది దూరముగా సాగును. వేసవి మధ్యాహ్నము బాటసారిని కాపాడునది చెట్టే గాని గోపురమువంటి ఇల్లు కాదు.

ఈ చిక్కు మనకు మాత్రమే వచ్చినది కాదు. న్యూయార్కు నగరములో 1915లో పూర్తియైన ఈక్విటబుల్ భవనపు నీడ చుట్టుప్రక్కల వీధులను కమ్మివేయగా పెద్ద ఆందోళన కలిగెను. మరుసటి సంవత్సరమే ఆ నగరము, ఎత్తు పెరిగినకొలదిని కట్టడము వీధినుండి వెనుకకు తగ్గవలెనని నియమము చేసెను.

కనబడని బరువు

నీడ కంటికి కనబడును. నీటి బరువు కనబడదు. వేయి గజముల స్థలములో అయిదుగురు కాపురమున్న ఒక ఇంటిని తీసి, ఇరువది కుటుంబముల అపార్టుమెంటు కట్టిరనుకొందము. కుటుంబమునకు నలుగురు చొప్పున 80 మంది యగుదురు. నగరములలో మనిషికి రోజునకు 135 లీటర్ల నీరు కావలెనని అంచనా. మునుపు 675 లీటర్లు చాలిన స్థలమునకు ఇప్పుడు 10,800 లీటర్లు, అనగా పదునారు రెట్లు కావలెను. అందులో అధికభాగము మురుగునీరై తిరిగి అదే గల్లీలోని పాత గొట్టములో పడును. ఇల్లు మారినంత వేగముగా గొట్టము మారదు.

వాననీటి సంగతియు ఇట్టిదే. వేయి గజములనగా 836 చదరపు మీటర్లు. 50 మిల్లీమీటర్ల వాన కురిసినచో ఆ స్థలముమీద సుమారు 41,800 లీటర్ల నీరు పడును. పెరడున్న ఇంటిలో కొంత నీరు నేలలోనికి ఇంకును. గోడనుండి గోడవరకు సిమెంటు పరచినచో, ఇంకుడుగుంట లేనియెడల, దాదాపు అంతయు వీధి పాలగును.

వీధితో చెలిమి

నగర విషయములపై వ్రాసిన జేన్ జేకబ్స్ అను అమెరికా రచయిత్రి, వీధికి రక్షణ కల్పించునది అచటి అంగడివారి, కాపురస్థుల చూపులేయని 1961లో వెలువడిన తన గ్రంథములో వాదించెను. రెండవ అంతస్తునుండి తల్లి పిల్లవానిని కేకవేసి పిలువగలదు. ఇరువదవ అంతస్తునుండి పిలువలేదు. కాని పైఅంతస్తుకంటె క్రింది అంతస్తే ముఖ్యమని గ్రహింపవలెను. మన అపార్టుమెంట్లలో నేలమట్టపు అంతస్తు బండ్లకు విడువబడుట వాడుక. ఒకప్పుడు అరుగు, గుమ్మము ఉన్నచోట గోడయు గేటును మిగులును. వాడలో జనము పదునారు రెట్లయినను వీధిలో పలుకరించువారు తగ్గుటకు ఇదియొక కారణము. క్రింద ఒక కిరాణా దుకాణము, కూర్చుండుటకు ఒక గట్టు, రెండు వేపచెట్లు ఉన్నచో అదే కట్టడము వీధికి చుట్టమగును.

కావున ఎత్తైన ఇల్లు శత్రువును కాదు, సర్వరోగ నివారిణియు కాదు. పైకి కట్టనిచో నగరము ప్రక్కలకు ప్రాకి పొలములను, చెరువులను మ్రింగును. పైకి కట్టువారు మాత్రము నాలుగు లెక్కలు చెప్పవలెను: నీడ ఎవరిమీద పడును? నీరు ఎటునుండి వచ్చి ఎటు పోవును? మిగిలిన నేల ఏమగును? నేలమట్టమున వీధికి ఏమి మిగులును? కట్టిన పిదప పొరుగువారు విచారించుటకంటె కట్టకముందే ఈ లెక్కలు అడుగుట మేలు. వాటిని అడుగుటకు ఉన్నత పాఠశాల గణితమే చాలును.

ఉపాధ్యాయులు దీనిని పాఠశాల ఆవరణలోనే చేయించవచ్చును. జుక్కల్ సుమారు 18.4 డిగ్రీల అక్షాంశముమీద ఉన్నది. డిసెంబరు 21న ఒక మీటరు కఱ్ఱను నిట్టనిలువుగా పాతి పగలు 12 గంటలనుండి 12-30 వరకు నీడను కొలువుడు. అన్నిటికంటె పొట్టి నీడ 89 సెంటీమీటర్లకు దగ్గరగా వచ్చి ఉత్తరమునకు చూపును. జూన్ 21న మరల కొలువుడు. మబ్బు లేనియెడల 9 సెంటీమీటర్ల చిన్న నీడ దక్షిణమునకు తిరిగియుండును! ఆ కఱ్ఱకు బదులు 55 మీటర్ల ఇంటిని ఊహించుకొన్న విద్యార్థికి నగరపు వివాదము సగము బోధపడినట్లే.