నోరెత్తని బిడ్డ ఊరడిల్లిన బిడ్డ కాదు

మిరపకోతలు ముమ్మరమైన దినములలో, జ్వరపడిన బిడ్డను గుంటూరు పెద్దాసుపత్రిలోనో ఒంగోలు రిమ్సులోనో చేర్చిన పల్లెవారికి, ప్రక్కమంచమువారు మొదలుకొని ఆయావఱకు అందఱును అడుగకయే ప్రసాదించు ఉపదేశ మొకటి కలదు: “నువ్వు కనపడితేనే మారాం చేస్తాడమ్మాయ్, ఒక పూట కంటపడమాక, వాడే సర్దుకుంటాడు.” తల్లి చాటునకు పోవును, బిడ్డ గుక్కపట్టి యేడ్చి యేడ్చి, తుదకు గోడవైపునకు తిరిగి పరుండును, ఉపదేష్టలు తమ మాట నెగ్గినదని తల పంకింతురు.

ఈ విజ్ఞత మనకే ప్రత్యేకము గాదు. తల్లిదండ్రులు వచ్చిపోయినపుడెల్ల పిల్లలు ఏడ్చుచున్నారు గనుక అసలు రాకుండుటయే మేలని, 1950 ప్రాంతమున ఇంగ్లండులోని ఆసుపత్రు లనేకము సందర్శనవేళలను కుదించి యుంచినవి. ఎనిమిది దినములు ఆసుపత్రిలో నున్న రెండేండ్ల బాలికను 1952లో చలనచిత్రముగా తీసి, సాంఘిక కార్యకర్త జేమ్స్ రాబర్ట్‌సన్ ఆ తర్కమును తలక్రిందులు చేసెను. ఎడబాటునకు లోనైన పసివాడు మొదట ప్రతిఘటించును, పిదప నిరాశలో మునుగును, కడపట తల్లి వచ్చినను ముఖము త్రిప్పుకొనును అని ఆయనయు మనోవైద్యుడు జాన్ బౌల్బీయు నిరూపించిరి. మన ప్రక్కమంచపు పండితులు “సర్దుకున్నాడు” అని మెచ్చుకొనునది ఈ కడపటి రెండు దశలనే! తల్లిని చూడగానే పెల్లుబుకు ఏడుపు ఆమె తెచ్చిన దుఃఖము గాదు. అంతదనుక చెప్పుకొన దిక్కులేక దిగమ్రింగిన దుఃఖము. 1959లో ఆ దేశమున ఆసుపత్రులలోని పిల్లల సంక్షేమముపై వెలువడిన ప్లాట్ నివేదిక తల్లిదండ్రులకు వేళల నిర్బంధము లేని ప్రవేశమును సిఫారసు చేసినది. మన వార్డులకు ఆ వార్త యింకను చేరవలసియున్నది కాబోలు.

ఏడుపే కొలబద్ద యనుకొనువారు వైద్యుల కొలమానమునైన చూడవలెను. మాటలు రాని బిడ్డ నొప్పిని అంచనా వేయు ‘ఫ్లాక్’ పద్ధతిలో ముఖము, కాళ్లు, కదలిక, ఏడుపు, ఊరడింపునకు లొంగుట అను ఐదింటికిని తలకు రెండేసి చొప్పున మొత్తము 10 మార్కులు; ఏడుపునకు దక్కునవి రెండే. మూడేండ్లు దాటినవానికి ఆరు ముఖముల బొమ్మలు చూపి, తన నొప్పికి తగినదానిని వానినే ఎన్నుకొమ్మందురు; తండ్రి వ్రేలు పెట్టి చూపుట కాదు. ఇక మనస్సు సంగతి తెలియవలెనన్న తిండి, నిద్ర, ఆట, మాట, ఎన్నడో మానిన పక్క తడుపుట మరల మొదలగుట – వీనిని గమనింపవలెను. తల్లి రాత్రి కునుకు తీసినదా, మిర్చియార్డులో అమ్ముడుపోని టిక్కీలను, అనగా మిరపబస్తాలను, తలచుకొనుచు వరండాలో నిలుచున్న తండ్రి గుండె ఎట్లున్నదో అడుగుటయు ఈ పరీక్షలో భాగమే.

ఇట్టి మాటలే వార్డులో ఇంకను కొన్ని వినవచ్చును. “అల్లరి చేస్తే సూది పొడిపిస్తా” అనుట, రోగమే తన తప్పునకు శిక్ష యని ఊహించుకొను పసిమనస్సునకు సాక్ష్యము సమకూర్చుట. పసికందులకు నొప్పి తెలియదనుమాట 1980ల లోనే కొట్టువడినది. మగపిల్లవాడు ఏడ్వరాదనువారికి సమాధాన మక్కఱలేదు. దిష్టి విషయమున మాత్రము కొంత తగ్గక తప్పదు: నాయనమ్మ తిప్పిన ఉప్పుమిరపకాయలు ఏ రోగమును దింపవు గాని, ఎఱిగిన చేయి, ఇంటి వాడుక బిడ్డకును తల్లికిని ధైర్యము నిచ్చుట నిజము. దిష్టి తీయుడు, గాని ఆ మిరపకాయలను వార్డు దరిదాపుల కాల్చకుడు, ప్రక్కబిడ్డ ఆయాసముతో నున్నాడు.

కూలి పోవునను బెంగతో చేనికి పోవు తల్లిని నేను నిందింపను. పోవలసినచో చెప్పి పొండు, దొంగచాటుగా వలదు. “నువ్వు అన్నం తిని లేచేసరికి వస్తా” అని వానికి తెలిసిన గుర్తు చెప్పి, ఆ వేళకు రండు. అంతవఱకు అమ్మమ్మనో పిన్నినో ప్రక్కన నుంచుడు. సూది వేయునపుడు ఒడిలో నుంచుకొనుటకు నర్సమ్మను అడుగుడు. ఇంటికి వచ్చిన పిదప కొన్నాళ్లు కొంగు వదలకున్న, గారాబమని కసరకుడు. అన్నిటికంటె ముఖ్యము, అంతవఱకు ఏడ్చుచుండిన బిడ్డ ఉన్నట్టుండి మందకొడిగా పడియుండి, పిలిచినను పలుకకున్నచో అది బెంగ కాకపోవచ్చును, రోగము ముదిరిన సూచన కావచ్చును. బుద్ధిమంతుడని మురియక తక్షణము డాక్టరును పిలువుడు.