మద్రాసు పేరున్న జబ్బు

కండరాలకు మెదడు ఆజ్ఞలు చేరవేసే నాడీకణాలను మోటార్ న్యూరాన్లంటారు. మడికి కాలువ ఎట్లాగో కండరానికి ఈ కణం అట్లాగే. కాలువ పూడితే మడి ఎండుతుంది. కణం చస్తే కండరం కరిగిపోతుంది.

ఈ జాతి జబ్బుల్లో బాగా తెలిసినది నడివయసు దాటాక వచ్చి, సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లలో ప్రాణం తీస్తుంది. అయితే 1970లో మీనాక్షిసుందరం, జగన్నాథన్, రామమూర్తి అనే మద్రాసు వైద్యులు వేరొక రకాన్ని వర్ణించారు. దానికి మద్రాసు పేరే నిలిచింది. ఎక్కువగా దక్షిణ భారతంలో కనిపించే ఈ జబ్బు చిన్న వయసులోనే మొదలవుతుంది. చేతులు సన్నబడతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగడం కష్టమవుతుంది, చాలామందికి చెవుడూ వస్తుంది. కాని దీని నడక నెమ్మది, దశాబ్దాలు బతికినవారున్నారు. నయంచేసే మందు మాత్రం నేటికీ లేదు.

అలంపూర్ దగ్గర మా ఊళ్లో మా పెద్దనాయన కొడుక్కి ఇదే జబ్బు. మాట ముద్దగా వస్తే జనం తాగిండంటరు, వినపడకుంటే తెలివి లేదంటరు. రెండూ తప్పే. అన్న ఇప్పుడు పార పట్టలేడు, పెన్సిలు పడతాడు. ఏ మడికి ఎప్పుడు నీళ్లు కట్టాలో రాసి చూపుతాడు, మేం కడతాం. ఇంటి లెక్కలన్నీ ఆయనవే. మెత్తటి అన్నం, తొందర పెట్టకుండా తిననివ్వడం, ఎదురుగా నిలబడి మాట్లాడడం: ఇంట్లో మేం చేయగలిగేది ఇదే.

మిత్రులారా! మెల్లగా నడిచే జబ్బు మనకు వ్యవధి ఇస్తుంది. ఆ వ్యవధిలో మనిషిని మూలకు నెట్టడమా, పనిలో నిలుపుకోవడమా అన్నది మన చేతిలోనే ఉంది.