తుపాను క్యాంపులో ఆడవాళ్ల గోడు వినేదెవరు? విశాఖలో ఆ ఉద్యోగానికి ఎలాంటి మనిషి కావాలి?

విశాఖపట్నం: పోర్టులో ప్రమాద హెచ్చరిక నంబరు పెరిగే కొద్దీ అధికారుల ఫోన్లు మోగుతూనే ఉంటాయి. ఎన్ని బోట్లు ఒడ్డుకొచ్చాయి, ఎన్ని జనరేటర్లు సిద్ధంగా ఉన్నాయి, ఎన్ని బియ్యం బస్తాలు కావాలి.. లెక్కలు గంట గంటకీ మారుతుంటాయి. పునరావాస కేంద్రంగా మార్చిన స్కూల్లో ఆడవాళ్ల బాత్రూమ్ తలుపుకి లోపల గడియ ఉందా లేదా అన్నది మాత్రం ఆ లెక్కల్లోకి అంత తేలిగ్గా రాదు. మరి అది చూసే పని ఎవరిది?

విపత్తుల్లో పనిచేసే సహాయ సంస్థలు ఇందుకోసం ప్రత్యేకంగా ఒక ఉద్యోగిని పెట్టుకుంటాయి. ఆ పోస్టు పేరు జీబీవీ ఫీల్డ్ ఆఫీసర్. జీబీవీ అంటే జెండర్ బేస్డ్ వయొలెన్స్. భర్త కొట్టడం, లైంగిక దాడి, పిల్లకి తొందరపడి పెళ్లి చేసేయడం, పని ఇప్పిస్తామని చెప్పి అమ్మాయిల్ని ఊరు దాటించడం, రేషన్ కిట్ ఇస్తానని ఆశపెట్టి లొంగదీసుకోవడం.. ఇవన్నీ దీని కిందకే వస్తాయి. ఉద్యోగ ప్రకటన చదివితే మామూలు ఎన్జీవో పోస్టులాగే కనిపిస్తుంది. కానీ ఎంపికలో పొరపాటు జరిగితే నష్టపోయేది సంస్థ కాదు, నమ్మి నోరు విప్పిన మనిషి.

విశాఖకే ఎందుకు?

2014 అక్టోబర్ 12. హుద్‌హుద్ నేరుగా నగరం మీదే తీరం దాటింది. చెట్లు, స్తంభాలు కూలాయి. ఎయిర్‌పోర్టు పైకప్పు ఎగిరిపోయింది. ఫోన్లు మూగబోయాయి. చాలా కాలనీల్లో కరెంటు రావడానికి రోజులు పట్టింది. పాల ప్యాకెట్ కోసం, పెట్రోల్ కోసం క్యూలు కట్టిన ఆ వారాన్ని విశాఖ జనం ఇప్పటికీ మర్చిపోలేదు.

2020 మే 7. లాక్‌డౌన్ నడుస్తోంది. తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకైంది. 12 మంది చనిపోయారు. వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. చుట్టుపక్కల ఊళ్లు ఉన్నపళంగా ఖాళీ అయ్యాయి. ఒంటిమీద బట్టలతో, పిల్లల్ని భుజాన వేసుకుని చీకట్లో పరిగెత్తిన కుటుంబాలవి.

ఒకటి ప్రకృతి చేసింది, ఇంకోటి ఫ్యాక్టరీ చేసింది. రెండింటిలోనూ జరిగింది ఒకటే. ఇల్లు పోయింది, వెలుతురు పోయింది, ఫోన్ పోయింది, తెలిసిన ఇరుగుపొరుగు చెదిరిపోయారు. ఆడవాళ్లకు రక్షణగా నిలిచేవి ఈ నాలుగే. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క రిఫైనరీ, స్టీల్ ప్లాంట్, ఫార్మా కంపెనీలు ఉన్న ఈ ప్రాంతానికి ఇలాంటి పరిస్థితి మళ్లీ రాదని ఎవరూ చెప్పలేరు.

‘మన దగ్గర అలాంటివి జరిగినట్టు కంప్లయింట్లు రాలేదు కదా’ అనే మాట తరచూ వినిపిస్తుంది. ఐక్యరాజ్యసమితి సంస్థలు, పెద్ద ఎన్జీవోలు కలిసి 2015లో సవరించిన మార్గదర్శకాలు ఈ వాదనను ఒప్పుకోవు. ఆధారాలు చేతిలో ఉన్నా లేకపోయినా, విపత్తు వచ్చిన చోట ఈ హింస జరుగుతోందనే అనుకుని మొదటి రోజు నుంచే పని మొదలుపెట్టాలి అన్నది వాటి సారాంశం. కారణం మన లెక్కల్లోనే ఉంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఏపీలో పెళ్లయిన మహిళల్లో సుమారు 30 శాతం మంది భర్త చేతిలో హింస చూసినవాళ్లే. దేశం మొత్తమ్మీద హింసకు గురైన మహిళల్లో ఎవరో ఒకరి సాయం కోరినవాళ్లు 14 శాతమే. మామూలు రోజుల్లోనే నోరు విప్పనివాళ్లు, వందమంది మధ్య పడుకునే క్యాంపులో విప్పుతారా?

ఇంతకీ ఆ ఆఫీసర్ చేసేదేంటి?

ముందు చేయని పనులు చెప్పుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. ఆమె పోలీసు కాదు, విచారణ చేయదు. లాయర్ కాదు, డాక్టర్ కాదు. ‘ఇక్కడెవరైనా బాధితులున్నారా’ అంటూ క్యాంపులో వెతుక్కుంటూ తిరగదు. ఆ మాటకొస్తే అలా వెతికే మనిషిని వెంటనే ఇంటికి పంపేయాలి.

చేసే పని మొదట చాలా మామూలుగా ఉంటుంది. రాత్రిపూట టార్చి పట్టుకుని బాత్రూమ్ దాకా నడిచి చూస్తుంది. దారిలో లైటు ఉందా? మగవాళ్లు కూర్చునే అరుగు పక్కనుంచే వెళ్లాల్సి వస్తోందా? నీళ్ల ట్యాంకర్ ఏ టైముకి వస్తోంది? చీకటి పడ్డాక వస్తే అక్కడ నిలబడేది ఆడపిల్లలే. శానిటరీ ప్యాడ్లు పంచుతున్నది ఎవరు? ఒంటరి మహిళలు, వికలాంగులు, ట్రాన్స్‌జెండర్లు ఎక్కడ పడుకుంటున్నారు? లోపం కనిపిస్తే తహసీల్దార్‌కో, జీవీఎంసీ జోనల్ ఆఫీసుకో చెప్పి ఆ సాయంత్రానికే సరిచేయించాలి. హింస జరగకముందే ఆపే పని ఇదే.

రెండోది, ఎవరైనా వచ్చి చెప్పుకుంటే వినడం, తర్వాత ఎక్కడికి వెళ్లాలో దారి చూపడం. ఇక్కడ గడియారంతో పోటీ ఉంటుంది. లైంగిక దాడి జరిగితే హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. గర్భం రాకుండా ఇచ్చే మాత్రకు గరిష్ఠంగా ఐదు రోజులు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. 72 గంటలంటే మూడు రోజులు. హుద్‌హుద్ తర్వాత చాలా వీధుల్లో పడిన చెట్లు తీయడానికే అంత టైము పట్టింది. అందుకే ఏ పీహెచ్‌సీలో మందు ఉంది, కేజీహెచ్‌కి ఏ రోడ్డు తెరిచి ఉంది, సఖి వన్‌స్టాప్ సెంటర్‌లో రాత్రి డ్యూటీ ఎవరిది అన్నది ఆఫీసర్ దగ్గర ముందే ఉండాలి. తుపాను వచ్చాక ఫోన్లు చేసి కనుక్కుందామంటే, ఆ ఫోన్లే పనిచేయవు.

ఇక చట్టం. ఈ ఉద్యోగంలో సగం చిక్కులు ఇక్కడే. భీమిలిలో జరిగిన ఘటనపై గాజువాకలో కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. స్టేషన్ పరిధితో పనిలేకుండా కేసు తీసుకోవాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత చెబుతోంది. అత్యాచార బాధితులకు ప్రైవేటు ఆస్పత్రి అయినా ఉచితంగా వైద్యం చేయాల్సిందే. అయితే అదే సెక్షన్, ఆస్పత్రి వెంటనే పోలీసులకు సమాచారం ఇవ్వాలని కూడా అంటుంది. వచ్చిన మనిషి 18 ఏళ్లలోపు అయితే పోక్సో చట్టం ప్రకారం విషయం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పి తీరాలి. దాస్తే శిక్ష ఉంటుంది.

అంటే ‘నీ రహస్యం నా దగ్గరే ఉంటుందమ్మా’ అని ఆఫీసర్ గుడ్డిగా మాటివ్వకూడదు. ఎదుటి మనిషి పూర్తిగా చెప్పకముందే, ఏది తన దగ్గర ఆగుతుందో, ఏది ఆగదో విడమర్చి చెప్పాలి. ఏడుస్తూ వచ్చిన మనిషి ముందు ఆ మాట అనడానికి ధైర్యం కావాలి, ఓపికా కావాలి. చదువుతో మాత్రమే వచ్చేది కాదు అది.

ఇంటర్వ్యూలో ఏం అడగాలి?

ఈ పోస్టులకు సాధారణంగా సోషల్ వర్క్, సైకాలజీ, లా చదివినవాళ్లను అడుగుతారు. రెండు మూడేళ్ల అనుభవం ఉండాలంటారు. ఆంధ్రా యూనివర్సిటీలోనే సోషల్ వర్క్ విభాగం ఉంది కాబట్టి విశాఖలో అర్హులకు కొరత లేదు. అసలు వడపోత ఆ తర్వాతే.

ఒక ప్రశ్న చాలు, మనిషి ఏంటో బయటపడుతుంది. ‘క్యాంపులో ఒకామె వచ్చి, భర్త రోజూ కొడుతున్నాడని చెప్పింది. పోలీసులకు మాత్రం చెప్పొద్దంటోంది. మీరేం చేస్తారు?’

మన దగ్గర చాలామంది నోట వచ్చే జవాబు ఒకటుంది: ‘ఇద్దర్నీ కూర్చోబెట్టి సర్దిచెప్తాను’. పెద్దమనుషుల పంచాయితీలు చూస్తూ పెరిగినవాళ్లకు అది మంచిపనిలాగే అనిపిస్తుంది. నిజానికి ఈ ఉద్యోగంలో అంతకంటే ప్రమాదకరమైన జవాబు ఇంకోటి లేదు. భార్య బయట చెప్పుకుందని భర్తకు తెలిసిన ఆ రాత్రి, ఇద్దరూ ఒకే టార్పాలిన్ కింద పడుకోవాలి. ఇంకొందరు ‘వెంటనే కేసు పెట్టిస్తా’ అంటారు. ఆవేశం మంచిదే గానీ, ఆమె వద్దన్నది వినలేదు. ఈ రాత్రి ఆమె ఎక్కడ పడుకుంటే క్షేమమో ముందు ఆమెనే అడిగి, ఉన్న దారులు చెప్పి, ఏది ఎంచుకున్నా తోడుంటానని చెప్పే అభ్యర్థి దొరికితే ప్యానెల్ ఊపిరి పీల్చుకోవచ్చు. గృహ హింస చట్టం 2005 కింద ప్రొటెక్షన్ ఆఫీసర్ ద్వారా సాయం పొందొచ్చని, ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుందని కూడా తెలిసి ఉంటే ఇంకా మంచిది.

భాష సంగతి చాలా ప్రకటనల్లో ‘తెలుగు, ఇంగ్లిష్’ అని ఒక లైనుతో అయిపోతుంది. విశాఖలో అది సరిపోదు. జాలరిపేటల్లో మాట తీరు వేరు. పరిశ్రమల చుట్టూ ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చిన కార్మిక కుటుంబాలున్నాయి. పాడేరు వైపు ఏజెన్సీలో ఇంట్లో మాట్లాడే భాష తెలుగు కాకపోవచ్చు. తన బాధ చెప్పుకోవడానికి పక్కింటాయన అనువాదం చేయాల్సి వస్తే, ఏ ఆడమనిషీ నోరు తెరవదు.

కంచే చేను మేస్తే..

2002లో పశ్చిమ ఆఫ్రికా శరణార్థి శిబిరాల నుంచి వచ్చిన నివేదిక ప్రపంచాన్ని కుదిపేసింది. తిండి గింజలు ఇచ్చే సహాయ సిబ్బందే బాలికల్ని లైంగికంగా వాడుకుంటున్నారన్నది ఆ ఆరోపణ. మరుసటి ఏడాదే ఐరాస ప్రధాన కార్యదర్శి తన సిబ్బందికి కఠిన నియమాలు జారీ చేశారు. సాయానికి బదులుగా లైంగిక సంబంధం కోరడం, 18 ఏళ్లలోపు వారితో అలాంటి సంబంధం పెట్టుకోవడం పూర్తిగా నిషేధం. అయినా 2018లో హైతీ భూకంప సహాయక చర్యల్లో ఆక్స్‌ఫామ్ సిబ్బంది తీరు బయటపడి మళ్లీ పెద్ద దుమారం రేగింది. అసలు చిక్కేంటంటే, ఒకచోట తప్పు చేసి బయటికొచ్చినవాళ్లు, పాత సంస్థ నోరు మెదపకపోవడంతో ఇంకో దేశంలో ఉద్యోగం సంపాదించేస్తున్నారు.

అందుకే 2019 నుంచి చాలా సంస్థలు ఒక పద్ధతికి ఒప్పుకున్నాయి. ఉద్యోగంలోకి తీసుకునే ముందు పాత యజమానిని రాతపూర్వకంగా అడుగుతారు: ఈ వ్యక్తి మీద లైంగిక దుష్ప్రవర్తన రుజువైందా? విచారణ నడుస్తుండగానే వెళ్లిపోయారా? విశాఖలో చిన్న ట్రస్టు అయినా ఈ రెండు ప్రశ్నలు అడగడానికి ఖర్చేమీ లేదు. పోలీస్ వెరిఫికేషన్ కాగితం ఒక్కటే సరిపోదు. కేసు దాకా రాని సంగతులు అందులో ఉండవు.

సచివాలయం ఉంది కదా, మళ్లీ ఈ పోస్టెందుకు?

సరైన ప్రశ్నే. 2019లో వచ్చిన గ్రామ, వార్డు సచివాలయాల్లో మహిళా పోలీసులున్నారు. ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు ఇంటింటికీ తెలుసు. డ్వాక్రా సంఘాలున్నాయి. ఇంత బలం చాలా రాష్ట్రాలకు లేదు. తుపాను వేళ మాత్రం వీళ్లందరికీ వేరే డ్యూటీలు పడతాయి. జనాన్ని తరలించడం, లిస్టులు రాయడం, నష్టం అంచనాలు. పైగా వాళ్ల ఇళ్లూ అదే గాలిలో ఉంటాయి. ఊరివాళ్లే కావడం ఒక రకంగా బలం, ఇంకో రకంగా ఇబ్బంది. కొట్టిన భర్త ఆ కార్యకర్తకే బంధువు కావచ్చు.

కాబట్టి ఫీల్డ్ ఆఫీసర్ వీళ్లకు పోటీ కాదు. వర్షాలు లేని నెలల్లో వీళ్లతోనే కూర్చుని, ఎవరికి ఏ కబురు ఎలా చేరాలో రాసిపెట్టుకోవాల్సిన మనిషి. అక్కడే సంస్థలు తప్పటడుగు వేస్తుంటాయి. తుపాను వచ్చాక ప్రకటన ఇస్తారు. దరఖాస్తులు, ఇంటర్వ్యూ, రిఫరెన్సులు అయ్యేసరికి క్యాంపులే ఎత్తేస్తారు. తీసుకున్నా ఆరు నెలల కాంట్రాక్టు. జనానికి నమ్మకం కుదిరే టైముకి ప్రాజెక్టు అయిపోతుంది. అక్టోబర్, నవంబర్ తుపానులకు మనిషి కావాలంటే వేసవి చివరికల్లా నియామకం పూర్తవ్వాలి. తనకు కూడా రాత్రి ప్రయాణానికి బండి, మాట్లాడుకోవడానికి ఒక సీనియర్, అప్పుడప్పుడు సెలవు ఉండాలి. రోజూ ఇలాంటి కథలు వినే మనిషి ఎక్కువకాలం ఒంటరిగా నిలబడలేదు.

ఫోన్ చేతిలో ఉన్నవాళ్లకు ఒక మాట

పునరావాస కేంద్రాల్లో అందరూ వీడియోలు తీస్తారు. భోజనాలు, పిల్లలు, పడుకున్నవాళ్లు.. అన్నీ గ్రూపుల్లోకి వెళ్లిపోతాయి. లైంగిక దాడి బాధితురాలు ఎవరో తెలిసేలా పేరు, ఫొటో, వీడియో బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. సానుభూతితో షేర్ చేశామన్నా చట్టం వినదు. ఆఫీసర్ దగ్గర కూడా ఫైలు మీద పేరుండదు, కోడ్ నంబరే ఉంటుంది. బీరువాకి తాళం ఉంటుంది.

ఈ ఉద్యోగానికి దరఖాస్తు చేయాలనుకునేవాళ్లకు ఇంకో హెచ్చరిక. ఐరాస సంస్థలు నియామకంలో ఏ దశలోనూ ఫీజు తీసుకోవు. ట్రైనింగ్ ఫీజు, ప్రాసెసింగ్ చార్జీ అంటూ ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమే.

సాయం కావాల్సినవాళ్లు మహిళల హెల్ప్‌లైన్ 181కి, అత్యవసరమైతే 112కి, పిల్లల విషయమైతే 1098కి ఫోన్ చేయొచ్చు. సిగ్నల్ లేకపోతే దగ్గర్లోని సచివాలయంలో మహిళా పోలీసును గానీ, ఏదైనా ప్రభుత్వ ఆస్పత్రిని గానీ నేరుగా కలవొచ్చు.