రెండు వైపులా కాంతిని గ్రహించే సౌర ఫలకాలు: నేలను బట్టి అదనపు విద్యుత్

ద్విముఖ సౌర ఫలకాల నుంచి లభించే అదనపు విద్యుత్ ప్రధానంగా వాటి కింది నేలపై ఆధారపడి ఉంటుంది. పచ్చిక తనపై పడిన కాంతిలో సుమారు 20 శాతాన్ని, తాజా మంచు 80 శాతం వరకు తిప్పి పంపుతాయి. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు నిశ్చలమైన నీరు 10 శాతమైనా పంపదు. కనుక తేలియాడే కేంద్రాలలో వెనుక వైపు నుంచి అధిక ఉత్పత్తిని ఆశించరాదు.

ఫలకాన్ని నేలకు మరీ దగ్గరగా అమర్చినచో దాని నీడే ఆ లాభాన్ని హరిస్తుంది. ఎత్తు, వరుసల మధ్య ఎడం పెరిగిన కొలదీ వెనుకకు చేరే వెలుగు పెరుగుతుంది.

అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 2019లో వెలువరించిన కొలత విధానం, వెనుక వైపు చదరపు మీటరుకు 100, 200 వాట్ల కాంతి వద్ద సామర్థ్యాన్ని ప్రకటించమంటుంది. అవి నిర్ణీత స్థితికి చెందిన అంకెలు. టెండరు మదింపులో వాటినే ఆ స్థలపు దిగుబడిగా పరిగణించరాదు. నేల పరావర్తనాన్ని వేసవిలోను, వర్షాకాలంలోను వేర్వేరుగా కొలవవలసి ఉంటుంది.