మూగతెరపై మాట్లాడిన కళ్ళు

1910లో కోపెన్‌హేగన్ నాటకశాలల అధిపతులకు ఆస్టా నీల్సెన్ అనే నటిలో ప్రత్యేకత ఏదీ కనిపించలేదు. సన్నని దేహం, పలుచని పెదవులు, ముఖానికి మించినంత పెద్దవైన నల్లని కళ్ళు. నాయికలో ఆనాటి ప్రేక్షకులు కోరిన సౌందర్యం అది కాదు. దక్కినవన్నీ చిన్న వేషాలే.

ఆమె 1881 సెప్టెంబరు 11న అదే నగరంలో ఒక పేద ఇంట జన్మించింది. తండ్రి కమ్మరి, తరచు పని లేక ఉండేవాడు. తల్లి ఇతరుల బట్టలుతికి సంసారం ఈడ్చింది. పద్నాలుగవ ఏట తండ్రి పోయాడు. పద్దెనిమిదేళ్ళకు రాయల్ థియేటర్ నటశిక్షణాలయంలో ప్రవేశం లభించింది. 1901లో, అవివాహితగానే ఒక ఆడబిడ్డకు తల్లి అయింది. ఆ శిశువు తండ్రి ఎవరన్నది ఆస్టా కడవరకు పెదవి విప్పి చెప్పలేదు. తల్లి, అక్క అండగా నిలువగా బిడ్డను పెంచుకుంటూనే రంగస్థలాన్ని అంటిపెట్టుకున్నది.

తన ప్రతిభ నాటకశాలల వారి కంట పడాలన్న తపనతోనే ఆమె చలనచిత్రంలో నటించింది. సినిమా అంటే సంతలో వినోదమని పెద్దలు చిన్నచూపు చూసే రోజులవి. ఊర్బన్ గాడ్ రచించి, దర్శకత్వం వహించిన ఆ చిత్రం పేరు 'అగాధం'. ఒక పియానో ఉపాధ్యాయిని తన కాబోయే భర్తను విడిచి సర్కస్ కళాకారుని వెంట వెళ్ళిపోతుంది. వంచితురాలై చివరకు అతనిని పొడిచి చంపుతుంది. ప్రియుని తాటితో బంధించి ఆమె చేసే నృత్యం కొన్ని దేశాల సెన్సారువారి కత్తెరకు పని కల్పించింది. ఐతే అసలు విశేషం ఆ నృత్యం కాదు, ముగింపు. పోలీసులు తీసుకుపోతుంటే ఆమె గుండెలు బాదుకోదు, చేతులు విసరదు. శూన్యంలోకి చూస్తూ నడిచిపోతుంది, అంతే. కెమెరా ముందు కనురెప్ప కదలిక కూడా అభినయమేనని తక్కిన నటుల కంటె ముందే ఆమె గ్రహించింది.

ఆ చిత్రం యూరపును ఊపివేసింది. నాటకశాలల వారిని మెప్పించడానికి తీసినది కాస్తా ఆమెను వారికి అందనంత దూరం తీసుకుపోయింది! 1911లో ఆమె జర్మనీ చేరింది. మరుసటి ఏడు గాడ్‌ను వివాహమాడింది. ఆ బంధం నిలువలేదు గాని, జర్మన్ ప్రేక్షకుల అభిమానం నిలిచింది. 1921లో స్వంత సంస్థ ద్వారా 'హామ్లెట్' నిర్మించి, ఆ రాకుమారుడు నిజానికి పురుషవేషంలో పెరిగిన స్త్రీ అన్న కల్పనతో తానే ఆ పాత్ర ధరించింది. ఆంగ్ల కవి వ్రాసిన డేనిష్ రాకుమారుని కథను ఒక డేనిష్ వనిత జర్మనీలో అభినయించడం చిత్రమే! 1925లో పాబ్స్ట్ చిత్రం 'ఆనందం లేని వీధి'లో ఆమెతోపాటు నటించిన పందొమ్మిదేళ్ళ స్వీడిష్ యువతి గ్రేటా గార్బో. గార్బో హాలీవుడ్‌కు ఓడ ఎక్కింది. నలుబదులు దాటిన ఆస్టాకు మాత్రం అవకాశాలు తగ్గసాగాయి.

1932లో నటించిన ఒకే ఒక టాకీతో ఆమె తెరజీవితం ముగిసింది. నాజీలు అధికారానికి వచ్చిన పిదప ఆమెను తమ చిత్రాలకు రప్పించుకొన జూశారు. ఆస్టా అంగీకరించక స్వదేశం చేరింది. డెన్మార్క్ చిత్రసీమ ఆమెకు ఒక్క వేషమైనా ఇవ్వలేదు. ఆమె ఆత్మకథ వ్రాసుకుంది. రంగురంగుల గుడ్డముక్కలను అతికి చిత్రాలు కూర్చింది. 1964లో కూతురి ఆత్మహత్యను ఆ వృద్ధమాత చూడవలసివచ్చింది.

1968లో, ఎనభైయారేళ్ళ ఆస్టా తన జీవితంపై డాక్యుమెంటరీకి తానే దర్శకత్వం వహించింది. 1970లో, ఎనభైయెనిమిదవ ఏట, మళ్ళీ పెళ్ళి చేసుకున్నది. 1972 మేలో కన్నుమూసింది. ఆమె నటించిన డెబ్బైకి పైగా కథాచిత్రాలలో డెన్మార్క్ తీసినవి నాలుగే.